నల్ల ఇసుకలో లోహాల చేరిక – సూదంటురాయికి కొత్త గుణాలు

భీమునిపట్నం తీరాన అల వెనుదిరిగినప్పుడు లేత ఇసుకమీద నల్లని చారలు మిగిలిపోవడం ఉత్తరాంధ్ర వాసులకు చిన్ననాటి నుండి పరిచితమైన దృశ్యం. న్యూజెర్సీలోని శాండీ హుక్ తీరంలో కూడా గాలివాన వెలిసిన మరునాడు అటువంటి చారలే కనిపిస్తాయి. చూసినవారిలో చాలామంది వాటిని మురికి అనుకొని దాటిపోతారు. చిన్న అయస్కాంతాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ చారమీద ఆడించినట్లయితే, నల్లని రేణువులు కొన్ని కుచ్చుకుచ్చులుగా లేచి దానికి అంటుకుంటాయి. అవి మాగ్నటైటు రేణువులు. తెలుగువారు తరతరాలుగా సూదంటురాయి అని పిలుచుకొన్న ఖనిజానికి అవి పొడిరూపం.

సూదంటురాయి భారతీయులకు కొత్తది కాదు. శరీరంలో దిగబడిన ఇనుప ములుకును అయస్కాంతంతో వెలికితీసే పద్ధతిని సుశ్రుత సంహిత పేర్కొన్నది. కాళిదాసు కుమారసంభవంలో అయస్కాంతం ఇనుమును ఆకర్షించడాన్ని ఉపమానంగా వాడుకొన్నాడు. అయితే ఈ రాతి గుణాలను మానవుడు తన అవసరానికి తగినట్లు మార్చుకోగలగడం మాత్రం ఇరవయ్యవ శతాబ్దపు విజ్ఞానం. మాగ్నటైటులోని ఇనుములో కొంతభాగాన్ని తొలగించి, ఆ స్థానంలో జింకు, మాంగనీసు, నికెలు, కోబాల్టు వంటి వేరొక లోహాన్ని నిలిపితే దాని ఆకర్షణశక్తి, విద్యుత్ వాహకత, వేడికి ఓర్చుకొనే శక్తి అన్నీ మారిపోతాయి. ఈ ప్రక్రియనే డోపింగ్ అంటారు. తెలుగు పాఠ్యగ్రంథాలలో దీనికి మాదీకరణం అని పేరు.

ట్రాన్సిస్టర్లలో వాడే సిలికాన్‌కు ఫాస్ఫరస్‌ను చేర్చడం కూడా మాదీకరణమే. కాని అక్కడ చేర్చే పాలు అత్యల్పం. కోట్ల పరమాణువులలో కొన్ని మాత్రమే. సూదంటురాయి విషయంలో నూటికి ఒకటి మొదలు యాభై వరకు కూడా చేర్చుతారు. కనుక ఇక్కడ జరిగేది తాలింపు వేయడం కంటె ఒక దినుసు బదులు మరొక దినుసుతో వండడానికి దగ్గరగా ఉంటుంది. అయినా ఫలితం రెండింటా ఒకటే. పదార్థపు రూపం మారకుండానే గుణం మారుతుంది.

పిస్కాటవే పొరుగున తొలి ప్రయత్నం

నల్ల ఇసుక నుండి సంపదను తీయాలన్న ఆలోచనకు పిస్కాటవే పరిసరాలతో ఒక చారిత్రక సంబంధం ఉన్నది. 1870లో పిస్కాటవే, వుడ్‌బ్రిడ్జి టౌన్‌షిప్‌ల నుండి కొంత కొంత భూభాగాన్ని విడదీసి రారిటన్ టౌన్‌షిప్‌ను ఏర్పరచారు. ఆ టౌన్‌షిప్‌లోని మెన్లో పార్కులో 1876లో థామస్ ఎడిసన్ తన పరిశోధనశాలను స్థాపించారు. ఆయన గౌరవార్థం 1954లో ఆ టౌన్‌షిప్‌కు ఎడిసన్ అని పేరు మార్చారు. నేడు వేలాది తెలుగు కుటుంబాలు నివసించే ప్రాంతం ఇదే.

1879లో విద్యుద్దీపానికి తగిన తంతువు కోసం వెదుకుతూ ఎడిసన్ కొంతకాలం ప్లాటినంమీద ఆశపెట్టుకొన్నారు. బంగారం దొరికే చోట్ల మిగిలే నల్ల ఇసుకలో ప్లాటినం ఉండవచ్చునని దూరప్రాంతాలనుండి నమూనాలను తెప్పించారు. దీపం చివరకు కర్బన తంతువుతో వెలిగింది. నల్ల ఇసుకపై ఆయనకు కలిగిన ఆసక్తి మాత్రం పోలేదు. 1880 జూన్ 1న అయస్కాంత ఖనిజ విభాజకానికి ఆయనకు పేటెంటు లభించింది. దాని సూత్రం చాలా సులభమైనది. ఇసుకను పైనుండి సన్నని ధారగా జారవిడుస్తారు. పక్కన బలమైన విద్యుదయస్కాంతం ఉంటుంది. అయస్కాంత గుణం లేని రేణువులు నిట్టనిలువుగా పడతాయి. మాగ్నటైటు రేణువులు కొద్దిగా పక్కకు వంగి, అడ్డుపలకకు ఆవలివైపున పడతాయి. చేటతో చెరిగి బియ్యాన్ని, ఊకను వేరుచేసినట్లే, ఇక్కడ గాలికి బదులు అయస్కాంత క్షేత్రం పనిచేస్తుంది.

లాంగ్ ఐలాండ్ తీరాన పేరుకొన్న నల్ల ఇసుకను ఈ యంత్రంతో శుద్ధి చేయాలని పూనుకొంటే, ఒక తుపాను వచ్చి ఇసుకమేటను మొత్తం కడలిలో కలిపివేసిందని ఆయన జీవితచరిత్ర చెబుతున్నది. రోడ్ ఐలాండ్ తీరంలో 1881లో సాగిన ప్రయత్నం కూడా ఎక్కువకాలం నిలువలేదు. ఆ తరువాత న్యూజెర్సీ ఉత్తరభాగాన ఆగ్డెన్స్‌బర్గ్ సమీపపు కొండలలో, రాతిని పిండిచేసి అందులోని మాగ్నటైటును అయస్కాంతాలతో ఏరే మహాకర్మాగారాన్ని ఎడిసన్ నిర్మించారు. 1890 దశకమంతా దానిపైనే శ్రమించారు. అదే దశకంలో మిన్నెసోటాలోని మెసాబీ ప్రాంతంలో పారతో ఎత్తుకోదగినంత మేలైన ఇనుప ఖనిజం బయటపడి, ధరలు పడిపోయాయి. ఇరవై లక్షల డాలర్లకు పైగా మునిగిన పిమ్మట కర్మాగారం మూతపడింది. అక్కడ నేర్చిన రాతిపిండి విద్యను ఆయన సిమెంటు పరిశ్రమకు మళ్ళించారు.

ఈ వైఫల్యంలో ఒక పాఠం ఉన్నది. వేరుచేయడం చేతకాక ఎడిసన్ ఓడిపోలేదు. ఆయన యంత్రం చక్కగానే పనిచేసింది. వేరుచేసిన పదార్థాన్ని కేవలం ఇనుముగా అమ్మబోవడమే నష్టానికి కారణమైంది. ఇనుముగా తూచినప్పుడు సూదంటురాయి చవకసరుకు. అయస్కాంతంగా తూచినప్పుడు దాని విలువ వేరు. ఆ రెండవ తూకం లోకానికి తెలియడానికి మరి యాభై ఏళ్ళు పట్టింది.

రేణువు లోపలి తాడాట

మాగ్నటైటులో మూడు ఇనుప అయాన్లకు నాలుగు ఆక్సిజన్ అయాన్లు ఉంటాయి. మూడింటిలో రెండు మూడేసి ధనావేశాలు గలవి. ఒకటి రెండు ధనావేశాలు గలది. 1915లో విలియం హెన్రీ బ్రాగ్ ఎక్స్ కిరణాల సహాయంతో ఈ స్ఫటికపు నిర్మాణాన్ని విప్పిచెప్పారు. ఆక్సిజన్ అయాన్లు కొట్టులో పేర్చిన కమలాపండ్లవలె ఒద్దికగా అమరి ఉంటాయి. ఆ పండ్ల నడుమ మిగిలే సందులలో ఇనుప అయాన్లు ఇముడుతాయి. సందులు రెండు రకాలు. నాలుగు ఆక్సిజన్లు చుట్టుముట్టిన చిన్న సందులను ఎ స్థానాలు అనీ, ఆరు ఆక్సిజన్లు చుట్టుముట్టిన పెద్ద సందులను బి స్థానాలు అనీ వ్యవహరిస్తారు. ఈ అమరికకు స్పినెల్ నిర్మాణమని పేరు.

ప్రతి ఇనుప అయాను ఒక చిన్న అయస్కాంతం. మూడు ఆవేశాల అయాను బలం 5 బోర్ మాగ్నెటాన్లు. రెండు ఆవేశాల దాని బలం 4. ఎ స్థానాలలోని అయస్కాంతాలు ఒక దిక్కుకు, బి స్థానాలలోనివి దానికి సరిగా ఎదురుదిక్కుకు తిరిగి ఉంటాయని 1948లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ నీల్ ప్రతిపాదించారు. 1951లో క్లిఫర్డ్ షల్, ఆయన సహచరులు న్యూట్రాన్ కిరణాలతో దానిని నిర్ధారించారు. నీల్‌కు 1970లోను, షల్‌కు 1994లోను నోబెల్ బహుమతులు లభించాయి. ఈ విధమైన అయస్కాంతత్వాన్ని ఫెర్రీ అయస్కాంతత్వం అంటారు.

దీనిని పండుగనాటి తాడాటతో పోల్చవచ్చును. ఎ పక్షాన 5 బలం గలవాడు ఒక్కడు. బి పక్షాన ఇద్దరు. ఒకడి బలం 5, రెండవవాడి బలం 4. ఇరుపక్షాలు లాగగా తేలే మిగులు 4. సూదంటురాయిని కొలిచి చూస్తే లభించే విలువ సుమారు 4.1. ఇంత సులభమైన లెక్క ప్రకృతితో ఇంత చేరువగా సరిపోవడం విజ్ఞానశాస్త్రంలో తరచుగా జరిగేది కాదు.

ఏ లోహం చేరితే ఏ గుణం?

ఈ తాడాట అర్థమైతే మాదీకరణపు రహస్యమంతా అర్థమైనట్లే. మొదట జింకును చూడవచ్చును. జింకు అయానుకు అయస్కాంత బలం లేదు. పైగా దానికి ఎ స్థానమంటేనే ప్రీతి. పదింట ఒక వంతు ఎ స్థానాలను జింకు ఆక్రమించిందనుకొంటే, అక్కడినుండి తొలగిన బలశాలి ఇనుము బి పక్షానికి చేరుతుంది. ఓడిపోయే పక్షంలో ఒక బలశాలి తగ్గి, అతని స్థానంలో ఊరక నిలబడేవాడు వచ్చాడు. గెలిచే పక్షంలో ఆ బలశాలి చేరాడు. లెక్కవేస్తే మిగులు 4 నుండి 4.6కు పెరుగుతుంది. బలం లేని లోహాన్ని చేర్చడం వలన అయస్కాంతపు బలం పెరగడం వినడానికి వింతగా ఉన్నా, నీల్ సిద్ధాంతం నిలబడడానికి తోడ్పడిన సాక్ష్యాలలో ఇది ముఖ్యమైనది.

ఈ పెరుగుదలకు హద్దు ఉన్నది. జింకు పాలు నూటికి నలభై యాభై దాటిన కొద్దీ ఎ పక్షం మరీ పలుచబడి, బి పక్షాన్ని ఒక్క దిక్కుగా నిలిపి ఉంచే కట్టుబాటు సడలుతుంది. ఎదుటి పక్షం లేనప్పుడు ఆ పక్షంవారు తమలో తామే పెనగులాడినట్లు, బి స్థానపు అయస్కాంతాలు ఒకదానికొకటి ఓరగా తిరుగుతాయి. 1952లో యాఫెట్, కిట్టెల్ అను శాస్త్రజ్ఞులు ఈ స్థితిని వివరించారు. ఎ స్థానాలన్నీ జింకుతో నిండిన పదార్థం గది ఉష్ణోగ్రత వద్ద అయస్కాంతంగా పనిచేయదు.

వేడి మాట మరొకటి. ప్రతి అయస్కాంత పదార్థానికీ ఒక క్యూరీ ఉష్ణోగ్రత ఉంటుంది. ఆ వేడి దాటితే దాని అయస్కాంతత్వం అదృశ్యమవుతుంది. మాగ్నటైటుకు అది సుమారు 580 డిగ్రీల సెల్సియస్. ఇనుములో మూడవ వంతును మాంగనీసుతో మార్చిన ఫెరైటుకు సుమారు 300 డిగ్రీలు. జింకు పాలు పెంచిన కొద్దీ ఇది ఇంకా దిగివస్తుంది. అంటే ఎంత వేడి వద్ద అయస్కాంతత్వం ఆరిపోవాలో ముందుగా నిర్ణయించి, అందుకు తగిన పాళ్ళలో లోహాలను కలిపే వీలున్నదన్నమాట. ఈ విశేషం వైద్యులకు ఎలా ఉపయోగపడుతుందో ముందు కనిపిస్తుంది.

నికెలు, మాంగనీసులు చేసే మరొక మేలు విద్యుత్తుకు సంబంధించినది. మాగ్నటైటులో రెండు ఆవేశాల ఇనుమునుండి మూడు ఆవేశాల ఇనుముకు ఎలెక్ట్రాన్లు గంతులు వేస్తుంటాయి. అందువలన అది ఆక్సైడు అయికూడా విద్యుత్తును బాగానే ప్రసరింపజేస్తుంది. వేగంగా దిక్కు మారే అయస్కాంత క్షేత్రంలో ఇటువంటి పదార్థాన్ని ఉంచితే దానిలో సుడిప్రవాహాలు పుట్టి వేడెక్కి శక్తి వృథా అవుతుంది. రెండు ఆవేశాల ఇనుమును తప్పించి ఆ చోట నికెలును నిలిపితే ఎలెక్ట్రాన్లకు గంతువేసే తావు ఉండదు. విద్యుత్ నిరోధం కోట్ల రెట్లు పెరుగుతుంది. మాంగనీసు–జింకు ఫెరైట్లు, నికెలు–జింకు ఫెరైట్లు ఇంత విస్తారంగా వాడుకలోకి రావడానికి ఇదే కారణం.

కోబాల్టు స్వభావం వేరు. అది రేణువుకు మొండితనాన్ని ఇస్తుంది. కోబాల్టు ఫెరైటులో అయస్కాంతత్వాన్ని ఒక దిక్కునుండి మరొక దిక్కుకు తిప్పడానికి మాగ్నటైటులో కంటె అనేక రెట్లు ఎక్కువ శక్తి కావాలి. ఒకసారి వ్రాసిన గుర్తు చెరగకుండా ఉండవలసిన చోట ఈ మొండితనమే సుగుణం. 1970 దశకం నుండి మేలురకపు ఆడియో, వీడియో టేపులమీద పూసిన ఇనుప ఆక్సైడుకు కోబాల్టును జతచేశారు. ఇంటినుండి వచ్చిన మాటల క్యాసెట్టును, అద్దెకు తెచ్చుకొన్న తెలుగు సినిమా టేపును పదేపదే వేసుకొన్న ఆనాటి ప్రవాస కుటుంబాలు తమకు తెలియకుండానే కోబాల్టుకు ఋణపడి ఉన్నాయి.

ప్రకృతి ముందే కలిపిన పాళ్ళు

ప్రయోగశాలలో శుద్ధమైన రసాయనాలతో మొదలుపెట్టేవారికి ఇవన్నీ సులభమే. సముద్రతీరపు ఇసుకతో మొదలుపెట్టేవారికి ఒక చిక్కున్నది. ప్రకృతి ఆ ఇసుకలో ముందే కొన్ని లోహాలను కలిపి ఉంచింది. శిలాద్రవం చల్లారేటప్పుడు మాగ్నటైటులోనికి టైటానియం, అల్యూమినియం, మెగ్నీషియం, వెనేడియం, క్రోమియం చొరబడతాయి. టైటానియం ఎక్కువగా చేరిన దానిని టైటనోమాగ్నటైటు అంటారు. మూడు ఇనుప స్థానాలకు 0.6 వంతున టైటానియం చేరితే క్యూరీ ఉష్ణోగ్రత 580 నుండి దాదాపు 150 డిగ్రీలకు పడిపోతుంది. సముద్రగర్భంలోని అగ్నిశిలలు భూఅయస్కాంత క్షేత్రపు చరిత్రను తమలో నిక్షిప్తం చేసుకొన్నది ఈ ఖనిజంలోనే.

అతిస్వల్పమైన చేరిక ఎంతటి మార్పు తేగలదో చెప్పడానికి తెలంగాణ చరిత్రలోనే ఒక నిదర్శనం ఉన్నది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కుకోసం పారసీక వర్తకులు ఎంతో దూరంనుండి వచ్చేవారు. దక్షిణభారతపు మూస ఉక్కుతో డమాస్కస్ కత్తులు తయారయ్యేవి. ఆ కత్తుల అలుగుమీద కనిపించే అలలవంటి గీతలకు కారణాన్ని అన్వేషించిన అమెరికా లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్, ఉక్కులో లేశమాత్రంగా ఉన్న వెనేడియం వంటి లోహాలే వాటికి మూలమని 1990 దశకంలో చూపించారు. ఖనిజం మారితే గీతలు పడలేదు. కమ్మరికి వెనేడియం పేరు తెలియదు. ఏ రాతినుండి తీసిన ఇనుము మంచిదో మాత్రం తెలుసు.

ఇసుకను నమ్ముకొన్న నేటి పరిశోధకులదీ అదే సమస్య. ఇండోనేషియాలో అగ్నిపర్వతాల నుండి కొట్టుకువచ్చిన ఇనుప ఇసుక తీరాలలోను నదులలోను సమృద్ధిగా ఉన్నది. అక్కడి విశ్వవిద్యాలయాల పరిశోధకులు కొనితెచ్చిన రసాయనాలకు బదులు ఈ ఇసుకనే ముడిపదార్థంగా స్వీకరించారు. పద్ధతి స్థూలంగా ఇది. ఇసుకను ఎండబెట్టి అయస్కాంతంతో పలుమార్లు ఏరుతారు. ఏరిన పొడిని వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. కరగని మట్టిని వడకట్టగా ఇనుప క్లోరైడ్ల ద్రావణం మిగులుతుంది. దానికి కావలసిన పాళ్ళలో జింకు, మాంగనీసు లేక కోబాల్టు క్లోరైడును కలుపుతారు. బాగా కలియబెడుతూ అమ్మోనియా ద్రావణాన్ని పోస్తే నల్లని అవక్షేపం ఏర్పడుతుంది. దానిని కడిగి ఆరబెడితే పది ఇరవై నానోమీటర్ల పరిమాణం గల రేణువులు లభిస్తాయి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు.

ఇంత చిన్న రేణువుకు మరొక విశేషగుణం వస్తుంది. బయటి అయస్కాంతం దగ్గర ఉన్నంతసేపు అది బలమైన అయస్కాంతంవలె ప్రవర్తిస్తుంది. దానిని తొలగించగానే తన దిక్కును మరచిపోతుంది. అందువలన రేణువులు ఒకదానికొకటి అంటుకొని గడ్డకట్టవు. రక్తనాళాలలోనో నీటిలోనో విడివిడిగా తేలవలసిన రేణువులకు ఈ మరపు చాలా అవసరం.

ఇంటినుండి ఆసుపత్రి వరకు

ఫెరైట్లను ఉద్దేశపూర్వకంగా తయారుచేయడం 1930లో జపానులో ఆరంభమైంది. టోక్యోలో యోగొరో కాటో, తకేషి తకేయిలు వాటిని కనుగొన్నారు. ఆ పదార్థాలను ఉత్పత్తి చేయడానికే 1935లో టి.డి.కె. సంస్థ పుట్టింది. హాలండులోని ఫిలిప్స్ సంస్థలో స్నూక్ అను శాస్త్రజ్ఞుడు మాంగనీసు–జింకు, నికెలు–జింకు ఫెరైట్లను పరిపక్వ స్థితికి తెచ్చారు. 1950 దశకం నుండి 1970 దశకపు ఆరంభం వరకు కంప్యూటర్ల జ్ఞాపకశక్తి అంతా ఆవగింజలవంటి ఫెరైటు ఉంగరాలలోనే ఉండేది. నేడు సెల్‌ఫోను ఛార్జరు లోపలి ట్రాన్స్‌ఫార్మరు నడిబొడ్డున, లాప్‌టాప్ తీగకు చివర కనిపించే గుండ్రని ఉబ్బులో, ఇండక్షన్ పొయ్యి అడుగున ఉన్నవి ఫెరైట్లే.

వైద్యరంగంలో ఆశలు ఇంకా పెద్దవి. ఎం.ఆర్.ఐ. చిత్రాలలో కణితి స్పష్టంగా కనబడడానికి ఇనుప ఆక్సైడు రేణువులను వాడిన అనుభవం ఉన్నది. 2007లో దక్షిణ కొరియాలోని యోన్సే విశ్వవిద్యాలయ బృందం ఇనుము, మాంగనీసు, కోబాల్టు, నికెలు ఫెరైట్లను పోల్చి, మాంగనీసు ఫెరైటు చిత్రాన్ని అన్నిటికంటె స్పష్టంగా చూపుతుందని ప్రకటించింది. తాడాట లెక్క ప్రకారం కూడా మొదటి స్థానం మాంగనీసుదే.

రెండవది ఉష్ణచికిత్స. కణితిలోనికి అయస్కాంత రేణువులను ఎక్కించి, బయటినుండి వేగంగా దిక్కు మారే క్షేత్రాన్ని ప్రయోగిస్తే రేణువులు వేడెక్కి వ్యాధికణాలను బలహీనపరుస్తాయి. మెదడులోని కణితులకు ఇటువంటి చికిత్సకు 2010లో ఐరోపాలో అనుమతి లభించింది. వేడి 42 నుండి 46 డిగ్రీల మధ్య ఉండాలి. మించితే ఆరోగ్యవంతమైన కణాలు కూడా మాడిపోతాయి. ఇక్కడే క్యూరీ ఉష్ణోగ్రత అక్కరకు వస్తుంది. జింకు పాళ్ళను సరిచూసి, సరిగా ఆ వేడి వద్దనే అయస్కాంతత్వం ఆరిపోయే రేణువును తయారుచేస్తే, అది కావలసినంత వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. ఈ దిశగా పరిశోధనలు సాగుతున్నాయి. కోబాల్టు, నికెలు శరీరానికి హానికరమైనవి కనుక, గుణం ఎంత మేలైనదైనా ఏ లోహాన్ని ఎంచుకోవాలన్నది కేవలం భౌతికశాస్త్రం తేల్చగల ప్రశ్న కాదు.

మూడవది మంచినీరు. 2006లో టెక్సాస్‌లోని రైస్ విశ్వవిద్యాలయ బృందం 12 నానోమీటర్ల మాగ్నటైటు రేణువులను ఆర్సెనిక్ కలిసిన నీటిలో వేసి, విషాన్ని పట్టుకొన్న రేణువులను మామూలు అయస్కాంతంతో వెలికితీయవచ్చునని నిరూపించింది. బెంగాల్ పల్లెలలో ఆర్సెనిక్ నీటివలన బాధపడేవారికి ఖరీదైన యంత్రాలు అందుబాటులో ఉండవు. అటువంటి చోట ఇసుకనుండి తయారయ్యే మందు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆంధ్రతీరపు ప్రశ్న

ఈ కథనంతటినీ తెలుగు తీరానికి అన్వయించి చూడవలసిన అవసరం ఉన్నది. తూర్పు కనుమల శిలలు కోట్ల సంవత్సరాలుగా అరిగి, ఏరులవెంట కడలి చేరి, అలల చెరుగుడులో బరువైన రేణువులు ఒడ్డున మేటవేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర శాఖకు ఆద్యుడైన సి. మహాదేవన్, ఆయన సహచరులు 1940 దశకం చివరినుండి విశాఖ తీరపు నల్ల ఇసుకను, అందులోని మోనజైటును అధ్యయనం చేశారు. అయితే ఆంధ్రతీరపు నల్ల ఇసుక అంతా సూదంటురాయి కాదు. అందులో అధికభాగం ఇల్మెనైటు, గార్నెట్, సిల్లిమనైటు. మాగ్నటైటు పాలు తక్కువ. ఇల్మెనైటు ఇనుము, టైటానియంల సమ్మేళనం. చేతి అయస్కాంతానికి అది లొంగదు. బలమైన అయస్కాంతం కావాలి.

ఐనప్పటికీ అవకాశం లేకపోలేదు. ఇల్మెనైటునుండి టైటానియాన్ని తీసుకొన్న తరువాత మిగిలే ఇనుము తరచుగా వ్యర్థంగానో చవకసరుకుగానో పోతుంది. ఆ ఇనుమే ఫెరైటుకు మూలద్రవ్యం కాగలదు. మాంగనీసుకు దూరం వెళ్ళనక్కరలేదు. భారతదేశంలో మాంగనీసు త్రవ్వకం 1890 దశకపు ఆరంభంలో మొదలైనది విజయనగరం ప్రాంతంలోనే. గరివిడి, చీపురుపల్లి పేర్లు ఆ ఖనిజంతో ముడిపడినవే. మాంగనీసు ఫెరైటుకు కావలసిన రెండు దినుసులూ ఇరుగుపొరుగున ఉన్న భూమి అది. జ్ఞానానికీ కొరత లేదు. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర శాఖలలో ఫెరైట్లపై దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి. సూరి భగవంతం 1966లో వెలువరించిన స్ఫటిక సౌష్ఠవ గ్రంథం, మద్రాసు ఐ.ఐ.టి.లో బి. విశ్వనాథన్, వి.ఆర్.కె. మూర్తిల సంపాదకత్వంలో 1990లో వచ్చిన ఫెరైట్ల గ్రంథం ఈ రంగంలో వారందరికీ పరిచితమైనవి. 2023 మే నెలలో విశాఖపట్నంలో సమేరియం–కోబాల్టు శాశ్వత అయస్కాంతాల కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

మరొక పక్షాన్ని కూడా తూచవలసి ఉన్నది. మోనజైటులో రేడియోధార్మికత గల థోరియం ఉన్నది. అందుచేతనే 2019లో కేంద్రప్రభుత్వం తీరపు ఇసుక ఖనిజాల త్రవ్వకాన్ని ప్రభుత్వరంగానికే పరిమితం చేసింది. అంతకంటె పెద్దమాట, తీరంలోని ఇసుకదిబ్బలు వట్టి ఇసుకదిబ్బలు కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిననాడు తీరవాసులు చూసినట్లు, కడలి పొంగినప్పుడు ఊరికి మొదటి అడ్డుగోడ ఆ దిబ్బలే. జాలరి పల్లెలకు వలలు ఆరవేసుకొనే చోటు, పడవ నిలుపుకొనే చోటు కూడా అవే. దిబ్బను త్రవ్వి, ముడిసరుకుగా ఓడకెత్తి పంపితే వచ్చే ఆదాయం తక్కువ, పోయే రక్షణ ఎక్కువ. కొద్ది ఇసుకను తీసి, దానికి విద్యను జోడించి, ఫెరైటుగానో ఔషధంగానో మార్చితే లెక్క తారుమారవుతుంది. ఎడిసన్ చేసిన నష్టపు వ్యాపారంలోని నీతి ఇక్కడా వర్తిస్తుంది. ఇనుముగా అమ్మితే ఇసుక ఓడిపోతుంది.

పిస్కాటవేలోని తెలుగు బిడ్డలకు ఈ విద్య దూరంలో లేదు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పింగాణి, మృత్తికా శాస్త్రాల బోధన 1902లోనే మొదలైంది. పిస్కాటవే పట్టణంలోని ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సాంగ్ వూక్ చియాంగ్ బృందం 2004లో, ఒక మాంగనీసు ఆక్సైడులో అయస్కాంత క్షేత్రంతో విద్యుత్ ధ్రువణాన్ని తిరగవేయవచ్చునని చూపి లోకం దృష్టిని ఆకర్షించింది. 1965 నుండి వెలువడుతున్న అయస్కాంత శాస్త్రపు ప్రధాన పత్రికలలో ఒకదానిని ప్రచురించే ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ కార్యనిర్వహణ కేంద్రం కూడా ఇదే పట్టణంలో హోస్ లేన్‌లో ఉన్నది. వేసవిలో శాండీ హుక్ వెళ్ళినప్పుడు పిల్లల చేతికి సంచిలో చుట్టిన అయస్కాంతాన్ని ఇవ్వడానికి ఖర్చేమీ లేదు. ఎత్తిన రేణువులను చూసి, లెక్కించి, తిరిగి ఆ తీరానికే వదిలివేయవచ్చును. అదే అయస్కాంతాన్ని సెలవులకు వెళ్ళినప్పుడు భీమిలిలో అమ్మమ్మగారి ఊరి ఇసుకమీద కూడా ఆడించి, రెండు తీరాల ఇసుకలలో దేనికి ఎంత అంటుకొన్నదో, ఎందుకు అంత తేడా వచ్చిందో ఆలోచించే బాలబాలికలలోనుండే రేపటి పదార్థ శాస్త్రజ్ఞులు రావాలి.